ఎద్దులబండ వెలుగుల సమన్వయ ఉపసంఘం

విశ్వంలో మనిషి ఒంటరివాడు కాడన్న సంగతి గిద్దలూరు స్థాయిలో తేలిపోయింది. పై స్థాయి సంతకం ఒక్కటే మిగిలి ఉంది. పెద్ద పెద్ద దేశాలు ఈ ఒక్క ముక్క తేల్చుకోవడానికి దశాబ్దాలుగా దుర్భిణులు పెట్టి ఆకాశం వెతుకుతున్నాయి. పాపం, వాళ్ళకు మన ఆఫీసుల పనితీరు తెలియదు. ఇక్కడ ఏదైనా ఉందో లేదో తేల్చడానికి దుర్భిణి అక్కర్లేదు, ఉపసంఘం చాలు.

ఆ ఉపసంఘంలో నేనూ సభ్యుడినే. ‘విషయంతో ఏ సంబంధమూ లేని స్థానిక ప్రముఖుడు’ అనే కోటాలో నన్ను తీసుకున్నారు. (ప్రముఖుడిని కానని మొత్తుకున్నాను. సంబంధం లేకపోతే చాలన్నారు.)

ఎద్దులబండ అంటే నల్లమల అంచున కొండ మీదున్న చెంచుగూడెం. పిడికెడు ఇళ్ళు. తేనె, ఉసిరికాయలు, కుంకుడుకాయలు ఏరుకొచ్చి కిందికి దిగి అమ్ముకుంటారు. గూడేనికి కరెంటు తీగ వెళ్ళింది, ఆ తీగలో కరెంటు కూడా అప్పుడప్పుడు వెళుతుంది. దారి మాత్రం వెళ్ళలేదు, అడవి నిబంధనలు అడ్డమొచ్చాయి. మనిషికి బాగా లేకపోతే దుప్పటిని వెదురు బొంగుకు ఉయ్యాలలాగా కట్టి, అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని దిగుతారు. డోలీ అంటారు దాన్ని. చీకటి పడితే పక్కన నడిచేవాళ్ళు సెల్‌ఫోన్ టార్చీలు వేసి పట్టుకుంటారు. కొండ మీద కదిలిన వెలుగులు అవే. ఇది ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఇందులో రహస్యమేమీ లేదు. ఉపసంఘానికి కూడా మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసిన విషయం మీద విచారణ జరపకూడదని నిబంధన ఎక్కడా లేదు కదా.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం, ఇళ్ళలో దీపాలు పెట్టే వేళకు, గూడెంలో ఓబులయ్య అనే పెద్దాయనను రక్తపింజర కరిచింది. కొడుకు సోమన్న, చుట్టుపక్కలవాళ్ళు డోలీ కట్టి దిగడం మొదలుపెట్టారు. సగం దారిలో ఓబులయ్య ప్రాణం పోయింది. ఇక కిందికి దిగి ఆస్పత్రికి చూపించేదేముంది? కాసేపు అక్కడే కూర్చుని ఏడ్చి, మళ్ళీ పైకి మోసుకుపోయారు.

సరిగ్గా అదే సమయంలో ఎదురుగా ఉన్న గొర్రెలమిట్ట మీద వినయ్ కుమార్ అనే గురువు శిష్యులతో ధ్యానశిబిరం పెట్టుకుని కూర్చున్నాడు. కొండ మీంచి వెలుగులు వరుసగా దిగడం, సగంలో ఆగడం, తిరిగి మెల్లగా పైకి పోవడం వాళ్ళంతా చూశారు. వినయ్ కుమార్ అక్కడికక్కడే దాని అర్థం చెప్పాడు. “దిగుదామనే వచ్చినారు. మనల్ని చూసినారు. మానవజాతి ఇంకా సిద్ధంగా లేదని ఎనక్కి పోయినారు.” శిష్యులలో కొందరికి కన్నీళ్ళు వచ్చాయట. ఆ వీడియో తెల్లారేసరికి పొదిలి దాటి, దర్శి దాటి పోయింది.

వినయ్ కుమార్‌ది ఆషామాషీ విద్య అనుకునేరు. మూడు తరాల పెట్టుబడి ఉంది దాని వెనక. వాళ్ళ తాత మార్కాపురంలో అంజనం వేసేవాడు. బడిపిల్లల పలక లాంటిదే, కాకపోతే చట్రం లేని నల్లరాతి బిళ్ళకు ఆముదం మసి పూసి, అందులోకి చూసి, తప్పిపోయిన బర్రె ఏ దిక్కున ఉందో చెప్పేవాడు. (బర్రె దొరికితే అంజనం మహిమ. దొరక్కపోతే బర్రె కర్మ.) తండ్రి నాలుగక్షరాలు చదువుకున్నవాడు. అంజనం నామోషీ అనుకుని గుప్తవిద్యల పుస్తకాలలో దిగాడు. ఆయన హయాంలో లోకాన్ని హిమాలయాల్లో అదృశ్యంగా ఉండే మహాత్ములు నడిపేవారు. నెలకోసారి ఆయనకు సందేశాలు పంపేవారు, అదే నల్లరాతి మీద. హిమాలయాలకు బస్సులు పడ్డాయి, యాత్రికులు పెరిగిపోయారు, ఎవరికీ మహాత్ములు కనబడలేదు. అప్పుడు మకాం శుక్రగ్రహానికి మార్చినట్టు సందేశం వచ్చింది. కొన్నాళ్ళకు శుక్రుడి మీద సీసం కూడా కరిగిపోయేంత ఎండ అని పేపర్లో పడింది. మరో సందేశం వచ్చింది. ఇప్పుడు కృత్తికా నక్షత్రాల దగ్గర ఉంటున్నారట. (అద్దె ఇళ్ళలో బతికినవాళ్ళకు ఈ అవస్థ తెలుసు.)

వ్యవహారం వినయ్ కుమార్ చేతికి వచ్చేసరికి మహాత్ములకు గడ్డాలు పోయాయి, కళ్ళు పెద్దవయ్యాయి, ఒళ్ళు బూడిదరంగుకు తిరిగింది, వాహన సౌకర్యం ఏర్పడింది. నల్లరాయి పోయి ట్యాబు వచ్చింది. అదీ నల్లగానే ఉంటుంది. గది మాత్రం అదే, చాప అదే, ఎదురుగా కూర్చున్నవాణ్ణి ఎగాదిగా చూసి “మీ ఇంట్లో ఎవరికో మోకాళ్ళ నొప్పి ఉందే” అని మొదలుపెట్టే పద్ధతీ అదే. గాలి సోకడం పోయి సిగ్నల్ సోకడం వచ్చింది. తాయెత్తు పోయి ఫ్రీక్వెన్సీ బిళ్ళ వచ్చింది, నల్లదారంతో సహా. పూర్వం కొండ మీద వెలుగు కదిలితే కొరివిదయ్యమని తలుపులు వేసుకునేవాళ్ళు. ఇప్పుడు తలుపులు తీసి ఫోన్లు పట్టుకుని బయటికొస్తున్నారు. శాస్త్రీయ దృక్పథం పెరిగిందంటే ఇదే మరి.

వీడియో చూసిన పై ఆఫీసు, “దీనిపై తీసుకున్న చర్య ఏమిటి?” అని కింది ఆఫీసును అడిగింది. ఏమీ లేదని రాయడం మర్యాద కాదు. అందుకని ఉపసంఘం పుట్టింది. దానికి అధ్యక్షుడు కొండదారుల అభ్యున్నతి విభాగపు ఇంజనీరు వెస్లీ. ఆకాశానికీ ఆయనకూ ఏమిటి సంబంధమని కొందరు గొణిగారు. ఆ వెలుగులు దారి లేనిచోట నడిచాయి, లేని దారులన్నీ ఆ విభాగం పరిధిలోకే వస్తాయి. తర్కంలో లోపం ఎక్కడా లేదు.

వెస్లీ నిజానికి నెమ్మదస్తుడు. ఎవరి మీదా గొంతు లేపి ఎరగడు. మొదటి సమావేశంలోనే సాక్షులను మూడు తరగతులుగా విభజించాడు. దూరం నుంచి చూసినవారు మొదటి తరగతి. దగ్గరగా చూసినవారు రెండో తరగతి. స్వయంగా ఆ వెలుగును చేతిలో పట్టుకున్నవారు మూడో తరగతి. మూడో తరగతివారికి విషయంలో స్వప్రయోజనం ఉంటుంది కాబట్టి వాళ్ళ మాట వినవచ్చు గానీ పరిగణించకూడదు.

ఆ మూడో తరగతిలో సోమన్న, అతని తల్లి కృష్ణమ్మ వచ్చారు. కొండ దిగి, ఆటో పట్టుకుని, మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుని, పిలిచాక లోపలికొచ్చి నిలబడ్డారు.

“సారూ, అయ్యి మా టార్చిలైట్లు,” అన్నాడు సోమన్న. “ఆ పొద్దు మా నాయనను మోసుకొస్తిమి. సగం దావలోనే పోయినాడు. మళ్ళ ఎనక్కి ఎత్తుకపోయినాం. అదే ఈళ్ళు చూసింది.”

వినయ్ కుమార్ ఎంతో ప్రేమగా నవ్వాడు. అతను ఉపసంఘానికి సాంకేతిక సలహాదారు. “సోమన్నా, నువ్వు అబద్ధం చెప్తాండవని నేననను తమ్ముడూ. వాళ్ళు పట్టుకపోయినోళ్ళందరికీ ఇట్లనే ఉంటాది. ఉన్న జ్ఞాపకం తుడిచేసి ఇంకోటి పెడతారు. మీ నాయనను మోసినట్ల నీకు గుర్తు పెట్టినారు.”

“గుర్తు పెట్టేదేందన్నా, భుజం చూడు, కాయ కాసింది.” సోమన్న చొక్కా పక్కకు లాగి చూపించాడు.

వినయ్ కుమార్ ఆ కాయను వేలితో నొక్కి చూశాడు. “ఇంప్లాంట్, వాళ్ళు పెట్టిందే,” అన్నాడు భక్తిగా.

కృష్ణమ్మ కొడుకు పక్కనుంచి ఒక అడుగు ముందుకేసింది. “ఏంది నాయనా, నా మొగుడు సచ్చింది నిజమేనా, అది గూడ వాళ్ళే పెట్టినారా?” అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చివరికి వెస్లీ, మరణ నిర్ధారణ ఈ ఉపసంఘం పరిధిలోకి రాదని మెత్తగా చెప్పాడు.

“సరే సారూ, అయిందేదో అయింది,” అన్నాడు సోమన్న. “నా పెండ్లాం శివపార్వతికి ఇప్పుడు అయిదో నెల. మాకు దావ ఏయండి. తారు రోడ్డు గూడ వద్దు. అంబులెన్సు బండి ఎక్కేంత ఉంటే చాలు. మా నాయన మాదిర్తో ఆమె గూడ సగంలో పోగూడదు.”

వాళ్ళతో పాటు వచ్చిన ఏఎన్ఎం ఎలీషబా ముందుకొచ్చింది. ఆ కొండ నెలకోసారి ఎక్కి దిగే మనిషి కావడాన ఆమె గొంతులో మర్యాద కాస్త తక్కువ. “సార్, ఆ పిల్లకు రక్తం తక్కువుంది. నెలలు నిండకముందే కిందికి తెచ్చి మా చుట్టాలింట్లోనైనా పెడతా. కానీ నొప్పులు మనం చెప్పినప్పుడు రావు. దావ ఉంటే ఏ భయమూ లేదు.”

వెస్లీ సానుభూతిగా తల ఊపాడు. ఆయన చెప్పిందేమంటే, ఆ కొండవాలు ఇప్పుడు పరిశోధనా ప్రాంతం. అక్కడ పార వేసినా, రాయి కదిపినా వెలుగుల సహజ మార్గం చెదిరిపోతుంది. పరిశోధన ముగిశాక దారి సంగతి తప్పక ఆలోచిస్తారు. పరిశోధన ఎప్పుడు ముగుస్తుందంటే, వెలుగులు రావడం మానేశాక. వెలుగులు రావడం ఎప్పుడు మానతాయంటే, దారి పడ్డాక. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. సోమన్న ఇదంతా విని, “అట్లనా సారూ” అన్నాడు.

అయితే ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. దారి వేసింది. ఎద్దులబండకు కాదు, గొర్రెలమిట్టకు. పరిశోధకులు, భక్తులు, జిజ్ఞాసువులు వెళ్ళి కూర్చుని చూడాలంటే దారి ఉండొద్దా? ఎద్దులబండ దారికి అడ్డమొచ్చిన అడవి నిబంధనలు మిట్టకు అడ్డం రాలేదు. మిట్ట మీద అడవి లేదు. ఊరూ లేదు, మనుషులూ లేరు, కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. నల్లటి తారు రోడ్డు నున్నగా పైదాకా పడింది. వీధిదీపాలు పెట్టారు, వెలుగులకు ఇబ్బంది కాకుండా వాటిని ఆర్పేసి ఉంచారు. సిమెంటు మెట్లు కట్టి కూర్చోవడానికి గ్యాలరీ చేశారు. వెలుగులు చూసి తన్మయత్వంలో మూర్ఛపోయేవారి కోసం అంబులెన్సు ఒకటి రాత్రింబగళ్ళు మిట్ట మీద నిలబెట్టారు.

జనం రానే వచ్చారు. దర్శి నుంచి వ్యాన్లు, పొదిలి నుంచి ఆటోలు, ముండ్లమూరు వైపు నుంచి ట్రాక్టర్ల మీద కుటుంబాలకు కుటుంబాలు. మిరపకాయ బజ్జీల బండ్లు వరసకట్టాయి. ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతో చూడటమెందుకని ఆడవాళ్ళు కొండకేసి తిరిగి కొబ్బరికాయలు కొట్టారు. ఒక పెద్దమనిషి వినయ్ కుమార్ చెవి దగ్గరికి వంగి, తన చేలో బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో కృత్తికవాళ్ళను కనుక్కోమన్నాడు. వినయ్ కుమార్ ట్యాబులోకి చూసి ఈశాన్యం అన్నాడు. (వాళ్ళ తాతా ఈశాన్యమే అనేవాడు.)

చిక్కల్లా ఒకటే. వెలుగులు రోజూ రావు. గూడెంలో ఎవరికో ఒకరికి ప్రాణం మీదికి వస్తే గాని రావు, అదీ చీకటి పడ్డాక రావాలి. జ్వరాల కాలంలో బాగానే గడిచింది. తర్వాత జనం విసుక్కోవడం మొదలుపెట్టారు. ఉపసంఘంలో దీని మీద గంభీరమైన చర్చ జరిగింది. శివపార్వతికి నెలలు దగ్గరపడిన విషయం సభ్యుడొకరు గుర్తుచేసి, కాన్పు అమావాస్య నాడు పడే వీలుందేమో కనుక్కోమని ఎలీషబాకు కబురు పెట్టారు. ఆమె ఏం సమాధానం పంపిందో నాకు తెలుసు. అది సమావేశ వివరాల్లో రాయదగ్గది కాదు.

ఎలీషబా భయపడినట్టే అయింది. పిల్లను కిందికి తేవడానికి ఇంకో వారం ఉందనగా, ఒక ఆదివారం పొద్దు వాలేటప్పుడు నొప్పులు మొదలయ్యాయి. ఆ రోజు మిట్ట మీద ఇసుకేస్తే రాలనంత జనం. నేను గ్యాలరీలో ఉపసంఘ సభ్యులకు కేటాయించిన మెట్టు మీద కూర్చున్నాను. చీకటి పడగానే కొండ మీద వెలుగులు కనిపించాయి. మిట్ట మిట్టంతా ఒక్కసారి హో అని లేచింది. నేను మాత్రం లేవలేదు. అది శివపార్వతి అని నాకు తెలుసు. సగం దాకా వచ్చి ఆగిపోతాయేమోనని వాటి మీంచి కళ్ళు తిప్పుకోలేదు.

వెలుగులు సగం దాకా వచ్చి ఆగలేదు. కిందికి దిగాయి, వాగు దాటాయి, ఊరి దారి పట్టకుండా నేరుగా మిట్ట వైపు తిరిగాయి. గూడెంవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. ఆ చుట్టుపక్కల అంబులెన్సు ఉన్నది మిట్ట మీద ఒక్కటే.

“మన దగ్గరికే వస్తాండారు!” అని ఎవరో అరిచారు. జనంలో సగం మంది సాష్టాంగపడ్డారు, సగం మంది చెప్పులు వదిలేసి పరుగెత్తారు. వినయ్ కుమార్ మైకు పట్టుకుని, వాళ్ళ తండ్రి మహాత్ములతో మాట్లాడిన భాషలో స్వాగతం మొదలుపెట్టాడు. దుమ్ములోంచి మొదట కృష్ణమ్మ బయటపడింది, చేతిలో ఫోను, కొంగు నడుముకు చుట్టి.

“శాంతి! శాంతి!” అన్నాడు వినయ్ కుమార్ రెండు చేతులూ ఎత్తి.

“శాంతీ లేదు గీంతీ లేదు, పక్కకు జరుగు! బండి యాడుంది?” అంది కృష్ణమ్మ.

వెనకే డోలీ వచ్చింది. దుప్పట్లో శివపార్వతి పళ్ళు బిగించి పడుకుని ఉంది. సోమన్న భుజం మీంచి నెత్తురు కారుతోంది. ఎలీషబా డోలీ పట్టుకుని నడుస్తూనే వచ్చింది, ఆ మనిషి పొద్దున్నే కొండెక్కి ఉండబట్టి సరిపోయింది. అంబులెన్సు డ్రైవరు బజ్జీల బండి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి తలుపు మీద చెయ్యి వేసి, వెస్లీ మొహం చూశాడు.

వెస్లీ ఇరకాటంలో పడ్డాడు. దుర్మార్గుడు కాడని ముందే చెప్పాను. కానీ ఆ అంబులెన్సును వెలుగులు చూసేవారి కోసం మంజూరు చేశారు. ఈవిడ వెలుగులతో పాటు వచ్చింది. “అంటే ఈమె చూసేవాళ్ళలోకి రాదు, చూడబడేవాళ్ళలోకి వస్తుంది,” అన్నాడు మా వైపు తిరిగి, ఎవరైనా అడ్డుచెబితే బాగుండునన్నట్టు. ఉపసంఘంలో ఒక్కరూ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. ఛీ, ఎందుకొచ్చిన బతుకనిపించింది.

ఎలీషబా వెస్లీ మొహంలోకి సూటిగా చూసింది. “సార్, ఆ పిల్ల కళ్ళు తెరుచుకునే ఉంది. ఇందాకట్నించి మిమ్మల్నందర్నీ చూస్తానే ఉంది. చూసేవాళ్ళలోకే వస్తాది. తలుపు తియ్యండి.”

నిబంధన కుదిరింది. వెస్లీ ఊపిరి పీల్చుకున్నాడు. తలుపు తెరుచుకుంది. నున్నటి తారు రోడ్డు మీద బండి జారినట్టు దిగి గిద్దలూరు చేరింది, ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ రాత్రి ఆ కబురు విని నేను చిన్నపిల్లాడిలాగా ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ఇంత జరిగాక ఇంకా ఉపసంఘమేమిటి, వెలుగులేమిటి అనుకున్నాను. వెర్రివాణ్ణి. తర్వాతి సమావేశంలో వినయ్ కుమార్ చాలా ఉత్సాహంగా ఉన్నాడు. వాళ్ళు మొట్టమొదటిసారి మానవరూపంలో దర్శనమిచ్చారట, అదీ మన మాండలికంలో మాట్లాడుతూ. వెస్లీ అంత దూరం పోలేదు. ఆయన కాగితం చూసి మాట్లాడే మనిషి. డోలీ అందరి కళ్ళముందుకే వచ్చింది కాబట్టి వెలుగులు గూడెంవాళ్ళ టార్చీలేనని ఒప్పుకున్నాడు. నేను ఆశగా ముందుకు వంగి, అయితే ఇప్పుడైనా ఎద్దులబండకు దారి వేద్దామన్నాను.

“వేయొచ్చు,” అన్నాడు వెస్లీ. “దారి వేస్తే అంబులెన్సు గూడెం దాకా పోతుంది. అంబులెన్సు పోతే డోలీ ఉండదు. డోలీ లేకపోతే వెలుగులు ఉండవు. వెలుగులు లేకపోతే మిట్టకు ఎవరొస్తారు? ఎవరూ రాని మిట్టకు అంత మంచి రోడ్డు ఎందుకు వేశారని రేపు ఆడిట్‌లో అడిగితే నేనేం చెప్పాలి సార్, మీరే చెప్పండి.”

దారి వద్దన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. (నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తనివాళ్ళను గైర్హాజరుగా పరిగణించారు.)

అట్లాగని గూడేన్ని మరిచిపోయారని ఎవరూ అనలేరు. మొన్న మిట్ట మీద సభ పెట్టి, సోమన్నకు శాలువా కప్పి, గూడెంలో ఇంటింటికీ పెద్ద టార్చిలైటు ఇచ్చారు. ఫోన్ల వెలుగు లాంటిది కాదు, చాలా దూరం కొడుతుంది. శివపార్వతి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. సోమన్న టార్చిలైటును అటూ ఇటూ తిప్పి చూసి, “మరి దావ, సారూ?” అన్నాడు. వెస్లీ అతని భుజం మీద చెయ్యి వేసి, దూరాభారం నుంచి వచ్చినవాళ్ళు సరిగ్గా చూడలేకపోతున్నారని, వచ్చే కాన్పుకు కాస్త నిదానంగా దిగమని కోరాడు.